కామిక్ పాత్రతో తొలి చదువుల పుస్తకం: ఎంచుకోవడం నుంచి కుట్టుకోవడం దాకా

రెండో తరగతి పిల్లలు చాలామంది గుణింతాలు గడగడా అప్పజెబుతారు. అదే పిల్లల చేతిలో కథల పుస్తకం పెడితే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతారు. అక్షరాలు రాక కాదు. తర్వాత ఏం రాబోతుందో ఊహించుకోవడానికి ఏ ఆధారమూ లేక. పెద్దవాళ్లం మనం కూడా ప్రతి అక్షరమూ కూడబలుక్కుని చదవం. సగం కంటితో చదువుతాం, సగం ఊహతో చదువుతాం.

కామిక్ స్ట్రిప్ (వరసగా గీసిన గళ్లలో నడిచే బొమ్మల కథ) పాత్ర పిల్లలకు ఇచ్చేది ఆ ఊహే. పీనట్స్ అనే అమెరికా స్ట్రిప్‌లో చార్లీ బ్రౌన్ పరుగెత్తుకొచ్చి బంతిని తన్నబోతే లూసీ చివరి క్షణంలో లాగేస్తుంది. చాచా చౌదరి కథల్లో సాబుకు కోపం వస్తే ఎక్కడో అగ్నిపర్వతం పేలుతుంది. శికారి శంభు పులిని చూసి వణికిపోతాడు, అయినా చివరికి పేరు అతనికే వస్తుంది. పాత్ర గుణం ముందే తెలుసు కాబట్టి, 'లాగింది' అనే మాటలో 'లా' అనగానే మిగతాది పిల్ల నోట్లోంచి దానంతటదే వస్తుంది. పుస్తకం తయారుచేసేటప్పుడు మీరు కాపాడవలసింది ఈ గుణాన్నే. మాటలు ఎన్నయినా తగ్గించండి, పాత్ర గుణం మాత్రం చెదరనివ్వకండి. కింద చెప్పే పద్ధతులన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ముందుగా, కొనే పుస్తకాల సంగతి

ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఇంగ్లీషులో ఇలాంటి పుస్తకాలు బాగానే దొరుకుతాయి. పీనట్స్ పాత్రలతో 'రెడీ టు రీడ్' వరసలో చిన్న పుస్తకాలు వచ్చాయి. ఫ్రాన్స్వాజ్ మూలీ 2008లో మొదలుపెట్టిన టూన్ బుక్స్ వాళ్లయితే కొత్తగా చదవడం నేర్చుకునేవాళ్ల కోసమే కామిక్స్ వేస్తున్నారు. కొనే ముందు రెండు విషయాలు చూసుకోండి.

మొదటిది అక్షరాల తీరు. అమెరికా పత్రికల్లో వచ్చిన పాత స్ట్రిప్పుల్లో మాటలన్నీ పెద్దబడి అక్షరాల్లోనే ఉంటాయి. మన పిల్లలు బడిలో ఎక్కువగా చదివేది చిన్నబడి అక్షరాలు. అందుకే స్ట్రిప్పుల సంకలనం తెచ్చి ఒకటో తరగతి బిడ్డకిస్తే బొమ్మలు చూసి పక్కన పెట్టేస్తాడు. తొలి చదువరుల కోసం తిరగరాసిన పుస్తకంలో మామూలు వాక్యాల్లా చిన్నబడి అక్షరాలు ఉంటాయి. షాపులోనే తెరిచి చూడండి.

రెండోది, అట్ట మీది లెవెల్ అంకె. ఒక ప్రచురణకర్త రెండో లెవెల్ మరొకరి మూడో లెవెల్‌కు సమానం కావచ్చు. అంకెను నమ్మకుండా మధ్యలో ఒక పేజీ తెరిచి పిల్లతో చదివించండి. పది మాటల్లో ఒకటి దగ్గర తడబడితే ఆ పుస్తకం సరిపోతుంది. రెండు మూడు దగ్గర ఆగిపోతే అది మీరు చదివి వినిపించాల్సిన పుస్తకం.

తెలుగులో మాత్రం కామిక్ పాత్రలతో, అక్షరాల మెట్లు చూసుకుని రాసిన పుస్తకాలు చాలా అరుదు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో లెవెళ్లవారీగా తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, తప్పకుండా వాడుకోండి. కానీ ఒకే పాత్ర పుస్తకం తర్వాత పుస్తకంలో మళ్లీ మళ్లీ కనబడాలంటే మనమే తయారుచేసుకోవాలి.

మొదటి మెట్టు: పాత్రను ఎంచుకోవడం

పాత్రకు ఒకే ఒక్క గట్టి అలవాటు ఉండాలి. నీడ చూసినా గుర్తుపట్టేలా ఆకారం ఉండాలి. శంభు కళ్లను కప్పేసే టోపీ, చార్లీ బ్రౌన్ చొక్కా మీది వంకర గీత అలాంటి గుర్తులు. 1983లో టింకిల్ అనే పిల్లల పత్రికలో పుట్టిన సుప్పండిని చూడండి: చెప్పిన పని మాటకు మాట అలాగే చేసి కొంప ముంచుతాడు. తొలి చదువుకు ఇంతకంటే మంచి అలవాటు ఉండదు, ఎందుకంటే యజమాని చెప్పిన వాక్యమే సుప్పండి చేసేటప్పుడు మళ్లీ వస్తుంది. ఒకే మాట రెండుసార్లు, రెండు బొమ్మలతో.

మన తెలుగులో బుజ్జాయి గీసిన డుంబు ఉన్నాడు. ముళ్లపూడి, బాపుల బుడుగు ఉన్నాడు. బుడుగు నిజానికి కామిక్ స్ట్రిప్ కాదు. అతని అందమంతా ఊపిరి తిప్పుకోకుండా సాగే మాటల్లో ఉంది. ఆ మాటలు కుదిస్తే బుడుగు మిగలడు. అందుకే బుడుగును మీరు గట్టిగా చదవండి, పిల్లలు వినాలి. తొలి చదువు పుస్తకానికి చేతలతో నవ్వించే పాత్రే కావాలి.

పేరు కూడా చూసుకోవాలి. లూసీ, సాబు, శంభు, డుంబు, ఈ పేర్లు గుణింతాలు, సున్న వచ్చిన పిల్లలు చదివేస్తారు. స్నూపీలో మొదటి అక్షరానికే వత్తు. గార్ఫీల్డ్ అయితే తెలుగు లిపిలో నాలుగో తరగతి పిల్లలకు కూడా కష్టమే. అలాంటి పేరు తప్పదనుకుంటే మొదటి పేజీలో పాత్ర మొహం పక్కన పెద్దగా రాయండి. పిల్లలు దాన్ని బొమ్మలాగే గుర్తుపెట్టుకుంటారు.

హక్కుల మాట

మన దేశంలో 1957 కాపీరైటు చట్టం ప్రకారం కర్త మరణించాక 60 ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి. పీనట్స్ గీసిన చార్లెస్ షుల్జ్ 2000లో కన్నుమూశారు. కాబట్టి ఆ పాత్రలతో పుస్తకం వేసి అమ్మాలంటే అనుమతి కావాలి. 1929లో పుట్టిన కామిక్ పాత్ర పొపాయ్ తొలి రూపం 2025 జనవరి 1న అమెరికాలో కాపీరైటు నుంచి బయటపడింది, కానీ ట్రేడ్‌మార్కు సంగతి వేరే. ఇంట్లో మీ బిడ్డ కోసం ఒక్క ప్రతి గీసుకోవడానికి ఇబ్బంది లేదు. దాన్నే పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పంచొద్దు. వీధిలో పిల్లలందరికీ ఇవ్వాలనుకుంటే పాత స్ట్రిప్పుల పద్ధతి తీసుకుని పాత్రను సొంతంగా పుట్టించండి. నా సలహా అదే. కింది ఉదాహరణ కూడా అలా పుట్టించిందే.

రెండో మెట్టు: అక్షరాల హద్దు గీసుకోవడం

1957లో పిల్లల రచయిత డాక్టర్ స్యూస్ 236 వేర్వేరు మాటలతోనే ఒక పుస్తకం మొత్తం రాశాడు. ఇంగ్లీషులో తొలి చదువు పుస్తకాలకు ఇలా మాటల లెక్కే హద్దు. తెలుగులో మాటల లెక్కతో పాటు అక్షరాల హద్దు కూడా పెట్టుకోవాలి. బడిలో నేర్పే వరసే తీసుకోండి: సరళ పదాలు, గుణింత పదాలు, ద్విత్వాక్షరాలు, ఆ తర్వాత సంయుక్తాక్షరాలు.

సరళ పదాలతో (వల, పడవ, ఉడత, ఈల, ఊయల) కథ నడపలేం, ఎందుకంటే క్రియలే దొరకవు. ఆ దశలో కథ జోలికి పోకుండా పాత్ర బొమ్మ, వస్తువు బొమ్మ, కింద ఒక్క మాట చాలు. అసలు కథ గుణింతాలతోనే మొదలవుతుంది.

ఇక్కడే రాసేవాళ్లకు అసలు పరీక్ష. మనం రోజూ వాడే క్రియల్లో సగం వత్తులతోనే ఉంటాయి. వచ్చాడు, వెళ్లాడు, తిన్నాడు, నవ్వాడు, కొట్టాడు, ఎక్కాడు, ఇవన్నీ ద్విత్వాలు. గుణింతాల పుస్తకంలోకి వీటిని రానివ్వకూడదు. వాటి బదులు ఈ క్రియలు కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి: చూశాడు, దాచాడు, లాగాడు, దూకాడు, ఆగాడు, ఊపాడు, పాడాడు, ఆడాడు, విసిరాడు, తీశాడు, దిగాడు, పడిపోయాడు, పారిపోయాడు. చదివి చూడండి, అన్నీ కంటికి కనబడే పనులే. కామిక్‌కు కావలసింది కూడా ఇవే.

బంధువుల పేర్లలోనూ ఇదే చిక్కు. అమ్మ, అన్న, అక్క, అత్త, అవ్వ అన్నీ వత్తులవే. తాత, మామ, పాప, జేజి (అవ్వ) గుణింతాలతో సరిపోతాయి. చిత్తూరు వైపు ఇళ్లలో జేజి అని పిలిచే పిల్లలుంటే ఆ మాట నిస్సంకోచంగా పెట్టండి. బడి పుస్తకంలో లేదని వదిలేయకండి. కుక్క, పిల్లి కూడా ద్విత్వాలే. కాబట్టి జంతువు పాత్ర అయితే కోతి, మేక, ఏనుగు, చిలుక, నెమలి లాంటివి తీసుకోండి. లేదంటే కుక్కను కుక్క అనకుండా పేరు పెట్టి పిలవండి.

ఇంకొకటి. ఇంగ్లీషు తొలి చదువు పుస్తకాల్లో చాలావరకు, పాత్ర నోటి పక్కన మాటలు రాసే బుడగలు తీసేసి, ఫలానా వాడు అన్నాడు అని బొమ్మ కింద వాక్యంగా రాస్తారు. తెలుగులో గుణింతాల దశలో దీనికి సరిగ్గా ఎదురు చెయ్యాలి. 'అన్నాడు', 'చెప్పాడు' రెండిట్లోనూ వత్తే ఉంది. బుడగ ఉంచేస్తే ఆ మాట అవసరమే పడదు, ఎవరు మాట్లాడుతున్నారో బుడగ తోకే చూపిస్తుంది.

మూడో మెట్టు: నాలుగు గళ్లను పన్నెండు పేజీలు చేయడం

స్ట్రిప్‌కు సాధారణంగా నాలుగు గళ్లు. పుస్తకానికి పదహారు పేజీలు. అందులో మొదటిది అట్ట, రెండోది పాత్రల మొహాలూ పేర్లూ, 3 నుంచి 14 దాకా కథ, 15లో బొమ్మ గీసుకునే చోటు, 16 వెనక అట్ట. నాలుగు గళ్లను పన్నెండు పేజీలకు సాగదీసేటప్పుడు కొత్త సంఘటనలు చేర్చాలనిపిస్తుంది. చేర్చకండి. జరిగిందే రెండోసారి జరగనివ్వండి, చిన్న తేడాతో. మాటలు తిరిగి వచ్చేది అందులోనే.

అలిపిరి మెట్ల దారిలో కోతుల్ని చూడని తిరుపతి పిల్లలు ఉండరు. కాబట్టి మన పాత్రలు టోపీ పెట్టుకున్న గోపి, ఒక కోతి. గోపి ఏం దాచినా కోతి తీసుకుపోతుంది, అదే ఆ కోతి అలవాటు. స్ట్రిప్‌గా అయితే నాలుగే గళ్లు: గోపి జామకాయ సంచిలో దాస్తాడు, కోతి సంచి లాగుతుంది, గోపి జామకాయను టోపీలో దాస్తాడు, కోతి టోపీతో సహా తీసుకుపోతుంది. పుస్తకంగా ఇలా పరుస్తాం:

3. గోపి చేతిలో జామకాయ.
4. పైన కోతి. కోతి చూసింది.
5. (బుడగలో) ఇది నాది!
6. గోపి జామకాయ దాచాడు. సంచిలో దాచాడు.
7. కోతి సంచి లాగింది.
8. గోపి పరుగు తీశాడు.
9. గోపి జామకాయ దాచాడు. టోపీలో దాచాడు.
10. కోతి ఏదీ? కోతి లేదు.
11. గోపి ఆగాడు. పాట పాడాడు.
12. కోతి తోక కిందికి దిగింది.
13. టోపీ ఏదీ? జామకాయ ఏదీ?
14. కోతి తల మీద టోపీ. కోతి నోటిలో జామకాయ.

మొత్తం 48 మాటలు, పేజీకి సగటున నాలుగు. వేర్వేరు మాటలు 27 మాత్రమే. కోతి ఎనిమిదిసార్లు వస్తుంది, గోపి, జామకాయ అయిదేసి సార్లు, దాచాడు నాలుగుసార్లు. వత్తు ఒక్కటీ లేదు. మీ కథ రాసుకున్నాక ఇలాగే లెక్కపెట్టండి. ఒక్కసారే వచ్చే మాటలు మరీ ఎక్కువైతే వాటిలో కొన్నింటిని తీసేసి, ఇప్పటికే వాడిన మాటలతో సరిపెట్టుకోండి.

పేజీ తిప్పడం కూడా కథలో భాగమే. పుస్తకం తెరిస్తే సరిసంఖ్య పేజీ ఎడమ పక్కన, బేసి సంఖ్య కుడి పక్కన ఉంటుంది. కాబట్టి ప్రశ్న బేసి పేజీలో, జవాబు సరి పేజీలో రావాలి. 13లో "టోపీ ఏదీ? జామకాయ ఏదీ?" అని చదివిన పిల్లకు జవాబు ముందే తెలుసు. పేజీ తిప్పకముందే "కోతి!" అని అరుస్తుంది. తిప్పి చూస్తే మొదటి మాట కోతే. ఆ మాటను ఇక కూడబలుక్కోదు, చూసి అనేస్తుంది. ఇందుకే 14వ పేజీ పక్కనున్న 15వ పేజీలో ఆకర్షించే బొమ్మేదీ పెట్టొద్దని చెబుతాను. చూపంతా ఆ కోతి మీదే నిలవాలి.

మాటల చమత్కారం మీద నడిచే స్ట్రిప్పులను ఈ పనికి తీసుకోకండి. మాటలు మూసేసి బొమ్మలు మాత్రమే చూసినా నవ్వు వచ్చే స్ట్రిప్ అయితేనే పుస్తకంగా నిలుస్తుంది.

నాలుగో మెట్టు: బొమ్మలు, అక్షరాలు

చిత్రకారులే కానక్కర్లేదు. పాత్రకు మూడు గుర్తులు ఖాయం చేసుకుని ప్రతి పేజీలో అవే గీయండి. గోపికి చారల టోపీ, నిక్కరు, భుజాన సంచి. ఒక బొమ్మ బాగా కుదిరితే దాన్ని కిటికీ అద్దానికి ఆనించి, పైన తెల్ల కాగితం పెట్టి దిద్దుకుంటే మిగతా పేజీల్లో కొలతలు మారవు. వెనక దృశ్యం తక్కువగా ఉండాలి: ఒక చెట్టు, రెండు మెట్లు చాలు. వస్తువు పేరు బొమ్మలో స్పష్టంగా కనబడాలి, చేసిన పని మాత్రం చదివితేనే పూర్తిగా తెలియాలి. ఆరో పేజీలో గోపి చేయి సంచి మూతి దగ్గర ఉన్నట్టు గీస్తే చాలు. పెట్టాడా, తీశాడా, దాచాడా అన్నది అక్షరాలే చెప్పాలి.

అక్షరాలు ప్రతి పేజీలో ఒకే చోట, బొమ్మ కింద తెల్లని జాగాలో ఉండాలి. కంప్యూటర్ మీద చేస్తే మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి సాదా ఫాంట్లు వాడండి. ఏ4లో సగం సైజు పేజీకి 28 పాయింట్లు బాగుంటుంది. అలంకారపు ఫాంట్లలో తలకట్టు, గుడి, గుడిదీర్ఘం తేడా తెలియదు. 'కి', 'కీ' పక్కపక్కన వేసి పిల్లకు చూపించండి, తేడా చెప్పలేకపోతే ఫాంటు మార్చండి. వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి పంక్తుల మధ్య ఖాళీ అక్షరం సైజుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. మాటను పంక్తి చివర విరగ్గొట్టొద్దు. రెండు వాక్యాలుంటే రెండు పంక్తులు.

అయిదో మెట్టు: ప్రింటు, మడత, కుట్టు

నాలుగు ఏ4 కాగితాలు సగానికి మడిచి ఒకదానిలో ఒకటి దూర్చితే పదహారు పేజీలు. ఏ పేజీ పక్కన ఏది రావాలన్నదే తికమక. దానికి గుర్తు: ఒకే వైపు ఉన్న రెండు పేజీల అంకెలు కలిపితే ఎప్పుడూ 17 రావాలి. పై కాగితం ఒకవైపు 16, 1. దాని వెనక 2, 15. రెండో కాగితం 14, 3. వెనక 4, 13. మూడోది 12, 5. వెనక 6, 11. నాలుగోది 10, 7. వెనక 8, 9. రెండు వైపులా ప్రింటు తీసేటప్పుడు కాగితం పొట్టి అంచు వైపు తిరగాలని షాపులో ముందే చెప్పండి, లేకపోతే వెనక పేజీ తలకిందులుగా పడుతుంది. ముందు ఒక్క ప్రతి తీసి, మడిచి, వరస సరిచూసుకున్నాకే మిగతావి తీయించండి.

తిరుపతిలో బాలాజీ కాలనీ, యూనివర్సిటీల వైపు ప్రాజెక్టు రిపోర్టులు బైండింగ్ చేసే జిరాక్స్ షాపుల్లో ఈ పని తేలిగ్గా అయిపోతుంది. లోపలి పేజీలకు కాస్త మందంగా ఉండే 100 జీఎస్‌ఎం కాగితం అడగండి, వెనక బొమ్మ ఇటు కనబడదు. నలుపు తెలుపులోనే తీయించి రంగులు పిల్లల చేతనే వేయించడం నాకు ఎక్కువ ఇష్టం. ఖర్చు తగ్గుతుంది, రంగులు వేస్తూ వాళ్లు ప్రతి బొమ్మనూ కుదురుగా చూస్తారు.

మామూలు స్టేప్లర్ మడత దాకా అందదు. పొడుగు స్టేప్లర్ లేకపోతే మడత మీద మూడు చిల్లులు చేసి దారంతో కుట్టండి. మధ్య చిల్లులోంచి లోపలి నుంచి బయటికి, పై చిల్లులోంచి లోపలికి, లోపలే కిందికి దించి అడుగు చిల్లులోంచి బయటికి, మళ్లీ మధ్య చిల్లులోంచి లోపలికి తెచ్చి ముడి వేయండి. ముడి లోపలే ఉంటుంది, చేతికి గుచ్చుకునే పిన్ను ఉండదు.

ఆరో మెట్టు: పిల్లతో చదివించడం

మొదటిసారి చదవొద్దు. బొమ్మలు మాత్రం చూస్తూ పేజీలు తిప్పండి, "ఏం చేస్తున్నాడ్రా వీడు?" అని అడగండి. రెండోసారి మీరు వేలు పెట్టి చదవండి. మూడోసారి వేలు పిల్లది, గొంతు పిల్లది. ఎక్కడైనా ఆగితే వెంటనే అందించకండి. కాసేపు ఓపిక పట్టండి. పిల్ల కళ్లు బొమ్మ మీదికి పోయి, మళ్లీ అక్షరం మీదికి వస్తాయి. అలా వెళ్లి రావడమే చదవడం నేర్చుకోవడం, దాన్ని మధ్యలో తెంచకండి. అప్పటికీ రాకపోతే మాట చెప్పేసి ముందుకు సాగండి. గుణింతం అప్పజెప్పించడానికి అది సమయం కాదు.

'దాచాడు' బదులు 'పెట్టాడు' అని చదివితే కోప్పడకండి. అర్థం పట్టుకున్నాడన్నమాట. పేజీ అయ్యాక "మొదటి అక్షరం చూడు" అంటే చాలు, తనే దిద్దుకుంటాడు.

తర్వాతి పుస్తకాలు

ఒక్క పుస్తకంతో ఆపితే పడ్డ శ్రమలో సగం వృథా. రెండో పుస్తకంలో గోపి, కోతి, దాచాడు, లాగింది, ఏదీ, ఇవన్నీ మళ్లీ రావాలి. కొత్త మాటలు పది దాటకూడదు. తిరుపతి పిల్లలకైతే ఇందుకు తయారుగా ఉన్న వరస ఒకటుంది, మే నెలలో వచ్చే తాతయ్యగుంట గంగమ్మ జాతర. అందులో భక్తులు రోజుకో వేషం వేస్తారు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. ఈ పేర్లలో ఒక్క వత్తు లేదు. బైరాగికి ఒంటినిండా తెలుపు, బండకు కుంకుమ ఎరుపు, తోటికి బొగ్గు నలుపు. తెలుపు, ఎరుపు, నలుపు, ఈ రంగుల పేర్లకూ వత్తులు లేవు. గోపి ఏ వేషం వేసినా టోపీ మాత్రం తీయడు, దాన్ని బట్టే కోతి అతన్ని పట్టేస్తుంది. వేషానికో పుస్తకం చొప్పున అయిదు పుస్తకాలు, రాయవలసిన కొత్త మాటలు ఒక్కోదానికి గుప్పెడే. జాతర భక్తితో చేసే మొక్కు కాబట్టి నవ్వు కోతి చేష్టల మీద ఉండాలి, వేషం మీద ఉండకూడదు.

గంగమ్మ అనే పేరులో మాత్రం ద్విత్వం ఉంది. దాన్ని మొదటి నాలుగు పుస్తకాల్లో గుడి బొమ్మతోనే చూపించి, అయిదో పుస్తకంలో అక్షరాలతో రాయండి. ఆ పక్క పేజీలోనే అమ్మ, ఆ తర్వాత అన్న, అక్క. ఆరో పుస్తకం నుంచి గోపి 'వచ్చాడు', 'తిన్నాడు', 'నవ్వాడు' అని ధైర్యంగా రాసుకోవచ్చు.